మట్టిలో మేలు చేసే బ్యాక్టీరియా: పాలమూరు, నల్లగొండ రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది దేవరకొండ దిక్కు చెలక సేద్యం. కంది, పత్తి, బోరు కింద కొంచెం పల్లి. జీవన ఎరువుల గురించి చదివి, వాడి, ఒకసారి దెబ్బతిని, మళ్లీ నేర్చుకున్నాను. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అడిగిన ప్రశ్నలు, నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట. జీవన ఎరువంటే మేలు చేసే బ్యాక్టీరియాను పెంచి ప్యాకెట్‌లో నింపి అమ్మేది, దాన్నే కల్చర్ అంటాం. కల్చర్ ప్యాకెట్‌ను యూరియా సంచిలా చూడకండి, తోడు పెరుగులా చూడండి. మరిగే పాలలో తోడు వేస్తే పెరుగు కాదు. నెల కింద పాడైన తోడు వేసినా కాదు. అసలు గిన్నెలో పాలే లేకపోతే ఎంత మంచి తోడైనా ఏం చేస్తుంది? కింద చెప్పేవన్నీ ఈ మూడు సంగతుల చుట్టే తిరుగుతాయి.

మట్టిలో బ్యాక్టీరియా ఉందంటే ఎలా నమ్మాలి? కంటికి కనిపించదు కదా?

కంటికి కనిపించదు గానీ ముక్కుకు తెలుస్తుంది. రోహిణి ఎండలకు మాడిన చెలక మీద తొలకరి చినుకు పడగానే కమ్మటి మట్టివాసన వస్తుంది కదా. ఆ వాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. స్ట్రెప్టోమైసిస్ అనే జాతి మట్టి బ్యాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది. 1943లో క్షయ రోగానికి మందు, స్ట్రెప్టోమైసిన్, బయటపడ్డది కూడా ఆ జాతి నుంచే.

చిటికెడు మట్టిలో, అంటే ఒక గ్రాములో, బ్యాక్టీరియా కోట్ల సంఖ్యలో ఉంటుంది. ఏటా పెంట పడే చేనులో ఎక్కువ, ఏళ్ల తరబడి ఏమీ పడని చెలకలో తక్కువ. చేను మొత్తంలో కూడా వేళ్లను అంటుకుని ఉన్న మట్టిలోనే అది గుంపులుగా చేరుతుంది. మొక్క ఆకుల్లో వండుకున్న చక్కెరలో కొంత భాగాన్ని వేళ్ల ద్వారా మట్టిలోకి వదులుతుంది. ఆ తిండి కోసమే అవి అక్కడ చేరతాయి.

గాలి నిండా నత్రజని ఉందంటారు. మరి పంటకు యూరియా ఎందుకు వేయాలి?

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ అందులో రెండు నత్రజని పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని జంటగా ఉంటాయి. ఆ పట్టు విడిపించే శక్తి ఏ మొక్కకూ లేదు. యూరియా ఫ్యాక్టరీలో ముందు అమ్మోనియా తయారు చేయాలి. దానికి 400 నుంచి 500 డిగ్రీల వేడి, మామూలు గాలి ఒత్తిడికి 150 రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. అదే పనిని కొన్ని రకాల బ్యాక్టీరియా నైట్రోజినేజ్ అనే ఎంజైముతో మన చేను మట్టిలో, మన చేను వేడిలోనే చేస్తుంది. ఇది ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల వల్లే నత్రజని అందుతుందని 1886–88 మధ్య హెల్‌రీగెల్, విల్ఫార్త్ అనే జర్మనీ శాస్త్రవేత్తలు నిరూపించారు. బుడిపెలోని బ్యాక్టీరియాను 1888లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైజరింక్ విడిగా పెంచి చూపించాడు. మన పెద్దవాళ్లకు ఆ పేర్లేవీ తెలియవు. అయినా జొన్నలో కంది సాళ్లు పెట్టడం, ఒక ఏడు ఆముదం వేసిన చోట మరుసటి ఏడు పెసరో ఉలవో చల్లడం వాళ్లు చేస్తూనే ఉన్నారు.

బుడిపె లోపల ఏం జరుగుతుంది?

వేరు కొన్ని పదార్థాలను మట్టిలోకి వదిలి తనకు సరిపడే రైజోబియంను, అంటే బుడిపె కట్టే బ్యాక్టీరియాను, పిలుస్తుంది. రైజోబియం కూడా తన గుర్తు పంపుతుంది. ఇద్దరి గుర్తులూ కలిస్తే వేరు మీది సన్నటి నూగు వంకర తిరిగి బ్యాక్టీరియాను లోపలికి రానిస్తుంది. అక్కడ బుడిపె కడుతుంది. మొక్క చక్కెర ఇస్తుంది, బ్యాక్టీరియా నత్రజని ఇస్తుంది.

పల్లి దారి వేరు. దాని వేళ్లకు అలాంటి నూగు సరిగా ఉండదు. పక్కవేరు పుట్టుకొచ్చే చోట తల్లివేరు చర్మం కొంచెం చీలుతుంది, ఆ సందులోంచి బ్యాక్టీరియా దూరుతుంది. అందుకే పల్లి చెట్టును కడిగి చూస్తే బుడిపెలు ఎక్కువగా పక్కవేళ్లు మొదలయ్యే చోట్ల కనిపిస్తాయి.

ఇంకో విశేషం ఉంది. నైట్రోజినేజ్‌కు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, కానీ బ్యాక్టీరియాకు ఊపిరి కూడా కావాలి. అందుకని బుడిపె లోపల లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం తయారై ఆక్సిజన్‌ను కొలిచి కొలిచి అందిస్తుంది. ఇది మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టమే.

నా చేనులో బుడిపెలు పనిచేస్తున్నాయో లేదో నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, తప్పకుండా చూడాలి. ఈ పేజీలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇదొక్కటి చేయండి. విత్తిన 30 నుంచి 40 రోజులకు, నేల తడిగా ఉన్న రోజు, చేనులో నాలుగైదు చోట్ల ఒక్కో మొక్కను తీసి చూడండి. పీకొద్దు. పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోయి, “మా కందికి అసలు బుడిపెలే లేవు” అనుకుంటారు. మొక్కకు జానెడు దూరంలో పార దింపి, మట్టి పెళ్లతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి మెల్లగా కడగండి.

తర్వాత పెద్ద బుడిపెలను గోరుతోనో బ్లేడుతోనో కోసి లోపలి రంగు చూడండి. గులాబీ రంగో, ఎరుపో ఉంటే పని బాగా జరుగుతోంది. తెల్లగా ఉంటే ఇంకా లేతవి కావచ్చు, లేదా లోపల చేరిన రకం పనికిరానిది కావచ్చు. ఇంకో పది రోజులకు మళ్లీ చూడండి. అప్పుడూ తెల్లగానే ఉంటే పని జరగడం లేదని అర్థం. ఆకుపచ్చగా మారితే వయసైపోయినట్టు, గోధుమ రంగో నలుపో అయితే చచ్చిపోయినట్టు. కాయ ఊరే దశలో చూసి బుడిపెలు ముడుచుకుపోయాయని కంగారు పడకండి. అప్పుడు మొక్క తన తిండినంతా గింజకు మళ్లిస్తుంది, బుడిపెలకు తగ్గిస్తుంది. అది మామూలే.

బుడిపెల లెక్క కంటే అవి ఉన్న చోటు, వాటి సైజు ముఖ్యం. తల్లివేరు పైభాగంలో పెద్దవి పది ఉన్నా మంచిదే. చివరి వేళ్ల మీద ఆవగింజంత తెల్లవి వంద ఉన్నా లాభం లేదు.

అవి మంచి బుడిపెలా, తెగులు ముడులా? తేడా ఎలా తెలుస్తుంది?

నెమటోడ్ అనే కంటికి కనిపించని నులిపురుగు వల్ల కూడా వేళ్ల మీద ముడులు వస్తాయి. మంచి బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉంటుంది, వేలితో తోస్తే ఊడి వస్తుంది. నులిపురుగు ముడిలో వేరే ఉబ్బుతుంది, తీయాలంటే వేరు తెగాల్సిందే. టమాట, వంకాయ, బెండ వేళ్ల మీద ముడులు కనిపిస్తే అవి రైజోబియం బుడిపెలు కానే కావు, ఎందుకంటే ఆ పంటలకు రైజోబియం బుడిపెలు రావు.

ఏ పంటకు ఏ కల్చర్ వాడాలి?

రైజోబియం పప్పుజాతి పంటలకు మాత్రమే. అందులోనూ జోడీలు ఉన్నాయి. కంది, పెసర, మినుము, బొబ్బర, పల్లి చాలావరకు ఒకే గుంపు. శనగకు దాని జాతి వేరు, సోయాకు వేరు. శనగ రైజోబియం తెచ్చి పల్లికి పట్టిస్తే డబ్బు దండగ. ప్యాకెట్ మీద పంట పేరు చూడకుండా కొనకండి.

జొన్న, మొక్కజొన్న, సజ్జ, వరి పంటలకు అజోస్పైరిల్లం. పత్తికి, కూరగాయలకు అజటోబాక్టర్. ఈ రెండింటికీ బుడిపెలు ఉండవు, వేళ్ల చుట్టూ, కొంత వేళ్ల లోపల బతుకుతాయి. ఇవి ఇచ్చే నత్రజని రైజోబియంతో పోలిస్తే కొంచెమే. వీటి అసలు మేలు వేరే చోట ఉంది. వేళ్లను గుబురుగా పెంచే హార్మోన్లను ఇవి వదులుతాయి. వేరు ఎంత దూరం పాకితే నీరు, పోషకం అంత ఎక్కువ దొరుకుతాయి. వానల మధ్య 20 రోజుల విరామం వచ్చే మన దిక్కున దీని విలువ తక్కువేమీ కాదు. భాస్వరం కరిగించే బ్యాక్టీరియాను మాత్రం అన్ని పంటలకూ వాడవచ్చు.

మా తాతల నుంచి కంది, పల్లి వేస్తున్నాం. రైజోబియం మట్టిలోనే ఉంటుంది కదా, ప్యాకెట్ ఎందుకు?

చాలా మంచి ప్రశ్న. అమ్మేవాళ్లు దీనికి సూటిగా జవాబు చెప్పరు. పల్లి, కంది, బొబ్బర గుంపుకు సరిపడే రైజోబియం మన నేలల్లో సహజంగానే ఉంటుంది. అందుకే కొన్ని చేన్లలో ప్యాకెట్ వాడినా, వాడకపోయినా పెద్ద తేడా కనిపించదు. మట్టిలో ముందే ఉన్న రకాలు సంఖ్యలో ఎక్కువగా ఉండి, కొత్తగా వచ్చినవాటికి చోటివ్వవు.

మరి ఎప్పుడు పనికొస్తుంది? ఆ పంటను ఎన్నడూ వేయని నేలలో, వరుసగా ఐదారేళ్లు పత్తే వేసిన చేనులో, కొత్తగా చదును చేసిన భూమిలో, వరి తర్వాత పెసరో మినుమో వేసే మడిలో. అలంపూర్ దిక్కు రేగడిలో ఏటా శనగ వేసేవాళ్ల చేన్లలో దాని జాతి రైజోబియం నిలిచి ఉంటుంది. అదే శనగను మన చెలకలో మొదటిసారి వేస్తే మాత్రం తప్పనిసరిగా పట్టించాలి.

నా సలహా ఏమిటంటే, ఈసారి నాలుగు సాళ్లు పట్టించకుండా వదలండి. 35వ రోజు రెండు దిక్కులా మొక్కలు తీసి పోల్చండి. నా మాటా వద్దు, దుకాణం మాటా వద్దు. మీ చేనే చెబుతుంది.

విత్తనానికి ఎలా పట్టించాలి?

ఎకరానికి సరిపోయే 8 నుంచి 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్ ఒకటి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించి పూర్తిగా చల్లార్చండి. చల్లారకుండా కల్చర్ కలిపితే అక్కడికక్కడే చచ్చిపోతుంది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నా ఆగండి. ఆ పాకాన్ని విత్తనం మీద చిలకరించి, కల్చర్ పొడి వేసి, ప్రతి గింజకూ నల్లటి పూత పట్టేలా చేతితో మెల్లగా కలపండి. నీడలో పాత గోనెసంచి మీద పరిచి అరగంట ఆరనివ్వండి. ఆ రోజే విత్తేయండి.

పల్లి గింజలతో జాగ్రత్త. తడి ఎక్కువైతే పైపొట్టు ఊడిపోయి గింజ రెండు బద్దలవుతుంది. ఎకరానికి 60 కిలోలకు పైగా గింజలు కావాలి కాబట్టి ప్యాకెట్లూ ఎక్కువే పడతాయి. అందుకే పల్లికి నేను విత్తనానికి పట్టించను. ఎకరానికి రెండు కిలోల కల్చర్‌ను 50 కిలోల బాగా మాగిన, కొంచెం తేమగా ఉన్న పెంటలో కలిపి, విత్తేముందు సాళ్లలో పడేలా సాయంత్రం పూట వేస్తాను.

మందు పట్టించిన విత్తనానికి కల్చర్ వాడొచ్చా?

వరుస పాటించాలి. ముందు శిలీంధ్రనాశిని, దాని తర్వాత పురుగు మందు, అన్నీ ఆరాక చివర్లో కల్చర్, అదీ విత్తే ముందు. మూడూ ఒకే డబ్బాలో కలిపి గిలకొట్టడం చాలా ఊళ్లలో చూస్తున్నాను, దయచేసి అలా చేయకండి. శిలీంధ్రనాశిని పట్టించిన విత్తనానికి కల్చర్ మోతాదు రెట్టింపు చేస్తే మంచిది.

పత్తి విత్తనానికి కంపెనీలే మందు పట్టించి అమ్ముతున్నాయి. దానికి విత్తనం మీద పట్టించే ప్రయత్నం వదిలేసి, పెంటతో కలిపి నేలలో వేయండి.

వాన పడకముందే పొడి దుక్కిలో విత్తితే కల్చర్ బతుకుతుందా?

బతకదు. మన దిక్కు మృగశిర దాకా ఆగలేక పొడి దుక్కిలో పత్తి పెట్టేవాళ్లు చాలామంది. ఎర్ర నేల పైపొర ఎండకు 50 డిగ్రీలు దాటి కాలుతుంది. చెప్పు లేకుండా అడుగు పెట్టలేని మట్టిలో ఆ సన్నజీవి పది రోజులు ఎలా బతుకుతుంది? పొడి విత్తనం వేస్తే కల్చర్‌ను ఇంట్లో చల్లటి చోట దాచండి. మొలక వచ్చి, రెండు వానలు పడ్డాక పెంటతో కలిపి మొక్కల దగ్గర వేయండి.

ప్యాకెట్ కొనేటప్పుడు ఏం చూడాలి?

నా దెబ్బ గురించి చెబుతాను. కొన్నేళ్ల కింద ఒక దుకాణంలో రైజోబియం ప్యాకెట్లు కొన్నాను. రేకుల షెడ్డు, ప్యాకెట్లు పైఅరలో, రేకుకు జానెడు దూరంలో. మే నెల. గడువు తేదీ ఇంకా ఉంది కదా అని తెచ్చి, చెప్పిన పద్ధతిలోనే పట్టించి శనగ వేశాను. 40వ రోజు చూస్తే ఒక్క చెట్టుకూ సరైన బుడిపె లేదు. తేదీ బతికే ఉంది, లోపలి జీవం వేడికి ఎప్పుడో పోయింది. ఆ యాసంగి ఆకులు పసుపు పచ్చగా మారుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత బాధో అనుభవిస్తేనే తెలుస్తుంది.

అప్పటి నుంచి ముందు దుకాణంలో వాటిని ఎక్కడ పెట్టారో చూస్తాను, తర్వాతే ప్యాకెట్ చూస్తాను. జీవన ఎరువులు 2006 నుంచి కేంద్ర ప్రభుత్వ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. దాని ప్రకారం పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు ఉండాలి. ప్యాకెట్ మీద బ్యాక్టీరియా పేరు, పంట పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ లేకపోతే అక్కడే వదిలేయండి. పొడి రకానికి సాధారణంగా ఆరు నెలలు, ద్రవానికి ఏడాది గడువు ఉంటుంది. మన ఎండలకు ద్రవ రూపమే మేలని నా అభిప్రాయం. బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేకపోతే రేపు ఎవరినీ అడగలేరు.

కల్చర్ వేస్తే యూరియా, డీఏపీ పూర్తిగా మానేయొచ్చా?

వరి, పత్తి, మొక్కజొన్నలకు మానేయమని నేను చెప్పను. అలా చెప్పి రైతును ముంచకూడదు. కొంత తగ్గించుకోవచ్చు, అదీ భూసార పరీక్ష చూసుకుని.

పప్పుజాతి పంటల లెక్క వేరు. ఎకరం కందికి, పెసరకు సిఫారసు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. ఒక 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. అంటే ఆ బస్తా కూడా పూర్తిగా అవసరం లేదు. ఆ కొద్ది నత్రజని ఎందుకంటే, బుడిపె కట్టి పని మొదలుపెట్టేదాకా లేత మొక్కకు ఆకలి తీరాలి. ఆ తర్వాత యూరియా చల్లితే నష్టం. మట్టిలో నత్రజని సులువుగా దొరికితే మొక్క బుడిపెలకు చక్కెర పెట్టదు. ఇంట్లో వండిన అన్నం ఉండగా పక్కింటికి ఎవరు వెళతారు? నెల వయసు కంది లేత పచ్చగా ఉందని బస్తా యూరియా చల్లిన చేన్లలో మొక్కలు తీసి చూశాను. చెట్టు ఏపుగా, ఆకు ముదురు పచ్చగా ఉంది. వేళ్లు మాత్రం నున్నగా ఉన్నాయి.

బుడిపెలకు కావాల్సింది భాస్వరం, ఇంకా చిటికెడు మాలిబ్డినం, ఇనుము.

ప్రతి ఏడూ డీఏపీ వేస్తున్నాం. ఆ భాస్వరం అంతా ఎక్కడికి పోతోంది?

ఎక్కడికీ పోదు, మీ చేనులోనే బందీ అయి ఉంటుంది. వేసిన భాస్వరంలో ఆ ఏటి పంటకు అందేది చిన్న వాటానే. ఎర్ర చెలకలో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టుకుంటాయి. రేగడిలో సున్నం పట్టుకుంటుంది. బాసిల్లస్, సూడోమోనాస్ జాతుల్లో కొన్ని రకాలు సేంద్రియ ఆమ్లాలను వదిలి ఆ పట్టును సడలిస్తాయి. దుకాణంలో పీఎస్‌బీ (భాస్వరం కరిగించే బ్యాక్టీరియా) పేరుతో అమ్మేవి ఇవే. ఎకరానికి రెండు కిలోల పొడి లేదా అర లీటరు ద్రవాన్ని పెంటతో కలిపి వేయాలి. పెంట లేకుండా వట్టి మట్టిలో వేస్తే పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఆమ్లం తయారు చేయాలంటే వాటికి తిండి కావాలి కదా.

కంది గురించి ఇక్కడే చెప్పాలి. ఇనుముతో కట్టుబడిపోయిన భాస్వరాన్ని కూడా విడిపించుకునే గుణం కందికి ఉంది. దాని వేళ్లు పిసిడిక్ ఆమ్లాన్ని వదిలి ఇనుమును పట్టుకుని, భాస్వరాన్ని విడిపిస్తాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1990లో ఈ సంగతి బయటపెట్టారు. ఎర్ర చెలకకు కంది ఎందుకంత నప్పుతుందో అది చదివాక నాకు అర్థమైంది.

పల్లి వేసిన చేనులో మరుసటి పంటకు నత్రజని మిగులుతుందా?

మనం ఏం మిగిల్చామన్న దాన్ని బట్టి. పల్లిని వేళ్లతో సహా పీకి, కాయ తెంపి, కట్టెను పశువుల మేతకు మోసుకుపోతాం. బ్యాక్టీరియా పట్టిన నత్రజనిలో ఎక్కువ భాగం గింజలో, ఆకులో ఉంటుంది, అంటే చేను దాటిపోతుంది. ఆ మేత తిన్న పశువుల పెంట మళ్లీ ఆ చేనుకే చేరితే లెక్క సరిపోతుంది. మేతను అమ్ముకుంటే నత్రజనినీ అమ్ముకున్నట్టే. కంది నయం, ఆకు చేనులోనే రాలుస్తుంది, వేళ్లు నేలలో ఉండిపోతాయి. పెసర కాయ ఏరుకుని చెట్టును కలియదున్నితే ఇంకా మంచిది.

వరికి ఏమైనా ఉందా?

ఉంది. మిర్యాలగూడ, హాలియా, నిడమనూరు దిక్కు సాగర్ ఎడమ కాలువ కింద వరి రైతులు నాటేముందు నారు వేళ్లను అజోస్పైరిల్లం కలిపిన నీళ్లలో కాసేపు ముంచి నాటవచ్చు. అజొల్లా ఇంకో దారి. ఆ చిన్న నీటిమొక్క ఆకుల్లో నత్రజని పట్టే నీలి ఆకుపచ్చ నాచు కాపురం ఉంటుంది. దాన్ని మడిలో పెంచి కలియదొక్కితే ఎరువు, పశువుకు పెడితే మేత. ఎండ ముదిరితే చచ్చిపోతుంది కాబట్టి యాసంగి మొదట్లో తేలిగ్గా పెరుగుతుంది.

జీవామృతం, కల్చర్ ప్యాకెట్ ఒకటేనా?

కాదు. ప్యాకెట్‌లో ఒకే రకం బ్యాక్టీరియా ఎంచి పెంచినది ఉంటుంది. జీవామృతంలో 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గెట్టు మట్టి వేసి 48 గంటలు పులియబెడతాం. అందులో ఏ జీవి ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు, ప్రతి డ్రమ్మూ వేరే. మట్టిలోని జీవాలను అది కదిలిస్తుంది, కొంచెం తిండి పెడుతుంది. అందులో ఉండే నత్రజని మాత్రం చాలా తక్కువ, దాన్ని ఎరువుగా లెక్కపెట్టుకోకండి. వారం లోపు వాడేయాలి.

బత్తాయి తోటకు?

నిమ్మజాతి చెట్లకు సన్నటి నూగువేళ్లు తక్కువ. అందుకే అవి మైకోరైజా అనే శిలీంధ్రం మీద బాగా ఆధారపడతాయి. వేళ్లు చేరలేని సందుల్లోకి దాని దారాలు పాకి భాస్వరం, జింకు, నీరు తెచ్చిపెడతాయి. ఇది బ్యాక్టీరియా కాదు గానీ పని ఆ కోవలోదే. మొక్క నాటేటప్పుడే గుంతలో వేస్తే ఎక్కువ ఫలితం. ముదురు తోటలో అయితే మొదలు దగ్గర కాకుండా కొమ్మల నీడ పడే అంచు వెంట, పెంటతో కలిపి వేయండి. మొదలు దగ్గర తడి పెంట కుప్పగా పోస్తే బంక తెగులు రావచ్చు.

డ్రిప్‌లో ద్రవ కల్చర్ ఇచ్చేవాళ్లు, పైపులు శుభ్రం చేయడానికి ఆమ్లమో క్లోరినో పంపిన రోజున ఇవ్వకండి.

వరి కొయ్యకాళ్లు, పత్తి కట్టె కాలిస్తే బ్యాక్టీరియా చస్తుందా?

పైపొరలోది చస్తుంది, కొన్నాళ్లకు మళ్లీ పుడుతుంది. దానికంటే పెద్ద నష్టం దాని తిండి కాలిపోవడం. గడ్డిలోని కర్బనం, నత్రజని పొగైపోతాయి. నల్లగొండ దిక్కున కోతలయ్యాక సాయంత్రం బస్సులో వస్తుంటే రోడ్డుకు రెండు వైపులా మంటలు కనిపిస్తాయి. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. రెండో పంటకు టైం లేదన్న రైతు టెన్షన్ నాకు తెలుసు. రోటవేటరుతో కలియదున్ని తడి పెడితే మాగుతుంది. మాగేటప్పుడు బ్యాక్టీరియా కొద్దిరోజులు నేలలోని నత్రజనిని తానే వాడుకుంటుంది, అందుకే లేత పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. నాటడానికి రెండు మూడు వారాల ముందే కలియదున్నితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

మట్టిలోని బ్యాక్టీరియా అంతా మంచిదేనా?

కాదు. టమాట, వంకాయ చెట్టు పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వడలిపోయే తెగులుకు రాల్‌స్టోనియా అనే మట్టి బ్యాక్టీరియా కారణం. నీళ్లు నిలిచిన వరిమడిలో కొన్ని రకాలు నైట్రేట్‌ను తిరిగి వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తాయి. యూరియాను ఒకేసారి కాకుండా రెండు మూడు దఫాలుగా వేయమనడానికి అదీ ఒక కారణం. అసలు యూరియా పంటకు పనికొచ్చేదే బ్యాక్టీరియా వల్ల. యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది, నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ జాతులు దశలవారీగా నైట్రేట్ చేస్తాయి.

భూసార పరీక్షలో బ్యాక్టీరియా లెక్క ఇస్తారా?

ఇవ్వరు. సేంద్రియ కర్బనం శాతం చూడండి. 0.5 కంటే తక్కువ ఉంటే మీ బ్యాక్టీరియా ఆకలితో ఉన్నట్టే.

మా చెలకలో ఇవి నిలవాలంటే ఏం చేయాలి?

తిండి, తడి, నీడ. మన ఎర్ర నేలల్లో సేంద్రియ పదార్థం ఎండకు త్వరగా కరిగిపోతుంది. ఒకసారి పెంట వేసి ఐదేళ్లు మరచిపోతే కుదరదు, కొంచెమైనా ఏటా పడాలి. పశువులు తగ్గిపోయాయి, పెంట దొరకడం లేదన్నది నిజమే. అందుకే గొర్రెల మందను వదులుకోకండి. కోతలయ్యాక గొల్లకురుమలతో మాట్లాడి మంద నాలుగు రాత్రులు చేనులో పెట్టిస్తే పేడ, మూత్రం రెండూ నేరుగా నేలకే పడతాయి, మోత ఖర్చు లేదు. తెల్లారి మంద లేవగానే పైపైన దున్నేయండి, ఎండితే నత్రజని గాలికి పోతుంది.

చెరువు పూడిక మట్టి ఎర్ర చెలకకు తేమ పట్టే గుణం ఇస్తుంది. తేమ నిలిస్తే బ్యాక్టీరియా నిలుస్తుంది. నీటి వసతి ఉంటే జీలుగ, జనుము, పిల్లిపెసర ఏదో ఒకటి వేసి పూత దశలో కలియదున్నండి. వానాధారమైతే పత్తి సాళ్ల మధ్య బొబ్బరో పెసరో వేయండి. నేల కప్పబడి ఉంటుంది, ఎండ నేరుగా తగలదు.

కల్చర్ ఎక్కడ దొరుకుతుంది, ఎవరిని అడగాలి?

ముందు మీ రైతు వేదికలో ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి. పాలమూరు దిక్కువాళ్లు పాలెం వ్యవసాయ పరిశోధన స్థానానికి, నల్లగొండ దిక్కువాళ్లు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి మాట్లాడవచ్చు. వెళ్లేటప్పుడు వట్టి చేతులతో పోకుండా వేళ్లు కడిగిన రెండు మొక్కలు తడి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. చూపిస్తే జవాబు సూటిగా వస్తుంది.

విత్తేసి 20 రోజులైంది, ఏమీ పట్టించలేదు. ఇప్పుడేమైనా చేయొచ్చా?

చేయొచ్చు. విత్తనం మీద పట్టించినంత ఫలితం రాదు, ముఖ్యంగా రైజోబియం విషయంలో, ఎందుకంటే మొదటి బుడిపెలు మొలిచిన రెండు మూడు వారాల్లోనే మొదలవుతాయి. అయినా కొత్త వేళ్లు పుడుతూనే ఉంటాయి. రెండు కిలోల కల్చర్‌ను 50 కిలోల మాగిన పెంటలో కలిపి, నీళ్లు చిలకరించి, తడి గోనె కప్పి రెండు మూడు రోజులు చెట్టు నీడలో ఉంచండి. వాన పడ్డ మరునాడు, పొద్దు వాలాక, మొక్కల వరుస పక్కనే వేసి గుంటుక తోలి మట్టి కప్పండి. ఆ వారం ఏ రసాయన ఎరువూ అక్కడ వేయకండి. మళ్లీ 40వ రోజు పార, బకెట్ పట్టుకుని చేనుకు వెళ్లండి.